పదమూడేళ్ళ అమ్మాయి చేతిలో పోస్టాఫీసు పాస్‌బుక్కు: ఏడాదిన్నర వాడకం తరువాత

నేను జూనియర్ కళాశాలలో కామర్స్ బోధిస్తాను. చక్రవడ్డీ లెక్కను పరీక్షలో తప్పు లేకుండా చేసే విద్యార్థులు, స్కాలర్‌షిప్పు డబ్బు పడిన నాడు దాన్ని తీసుకునే ఫారం ఎలా నింపాలో తెలియక నా దగ్గరకు రావడం ఏటా చూస్తుంటాను. ఆ తడబాటు నా కూతురికి రాకూడదని 2024 జూన్‌లో, తనకు పదమూడేళ్ళు నిండిన వారంలోనే, మా ఊరి పోస్టాఫీసులో తన పేర ఒక పొదుపు ఖాతా, నెలనెలా ఒకే మొత్తం కట్టే రికరింగ్ డిపాజిట్ ఒకటి తెరిపించాను. ఇప్పటికి ఏడాదిన్నర గడిచింది. ఎదిగే పిల్లలకు డబ్బు వ్యవహారం నేర్పడానికి ఈ రెండు ఖాతాలు ఏ మేరకు పనికివస్తాయో, ఎక్కడ చాలవో, ఇదే ఆలోచనలో ఉన్న తల్లిదండ్రుల కోసం వివరంగా రాస్తున్నాను.

అంతకు ముందు ఎనిమిది నెలలు పిల్లల కోసమే తయారు చేసిన ఒక ప్రీపెయిడ్ కార్డు వాడాం. నేను నా ఫోనులోంచి నెలకు 800 రూపాయలు వేసేదాన్ని, తను కార్డుతో ఖర్చు పెట్టేది, ప్రతి ఖర్చూ నాకు సందేశంగా వచ్చేది. సౌకర్యానికి లోటు లేదు. కానీ ఆ యాప్ తెరిచిన ప్రతిసారీ ఫలానా చోట కొంటే ఇన్ని పాయింట్లు, రేపటిలోగా కొంటే ఇంకొన్ని అంటూ పిల్లను పిలుస్తూనే ఉండేది. పన్నెండేళ్ళ పిల్లకు ఖర్చు పెట్టడమే ఒక ఆటగా అలవాటవుతోందని నాకు దిగులు పట్టుకుంది. పైగా ప్రీపెయిడ్ కార్డులో మిగిలిన సొమ్ముకు వడ్డీ ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు అనుమతించవు కాబట్టి, నెలాఖరుకు రెండు వందలు మిగిల్చిన పిల్లకు ఆ మిగులు వల్ల ఒరిగేదేమీ ఉండదు. పొదుపు నేర్పుతానని చెప్పుకునే వస్తువులో ఇది పెద్ద లోపమని నా అభిప్రాయం.

పోస్టాఫీసులో పదేళ్ళు నిండిన మైనరు తన పేరనే ఖాతా తెరిచి, తన సంతకంతోనే నడుపుకోవచ్చు. పొదుపు ఖాతా తెరవడానికి 500 రూపాయలు చాలు. ఆ 500 ఎప్పుడూ ఖాతాలో ఉండాలి. అమ్మాయి ఆధార్, పుట్టిన తేదీ ధ్రువపత్రం, ఫొటోలు, వాటితో పాటు నా ఆధార్, పాన్ నకళ్ళు తీసుకువెళ్ళాం. దరఖాస్తు తనే నింపింది. నేను పక్కన కూర్చుని తప్పులు మాత్రమే చూపించాను. సంతకం దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయి, ఇంగ్లీషులో చెయ్యాలా, తెలుగులో చెయ్యాలా అని చాలాసేపు ఆలోచించి, చివరికి తెలుగులో చేసింది. ఆ సంతకం తనకు ఎంత ముఖ్యమైపోయిందో మూడు నెలల తరువాత తెలిసింది. మొదటిసారి డబ్బు తీసుకునేటప్పుడు ముచ్చటపడి కొమ్ములు సాగదీసి కొత్త రకంగా సంతకం చేస్తే, అది ఖాతాలోని నమూనాతో కలవలేదని ఫారం వెనక్కి వచ్చింది. అలా వెనక్కి ఇవ్వడమే సరైన పని. తన డబ్బుకు తన చేతిరాతే తాళమని ఆ పిల్లకు అక్కడ అర్థమైంది. ఇంటికి వచ్చి ఒక నోటు పుస్తకంలో రెండు పేజీలు సంతకాలు చేసింది.

ఈ ఖాతాలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది వడ్డీ లెక్కించే పద్ధతి. నెలలో పదో తారీఖు నుంచి ఆఖరు రోజు వరకు ఖాతాలో ఉన్న నిల్వల్లో ఏది అతి తక్కువో, దాని మీదనే ఆ నెల వడ్డీ కడతారు. ఆ వ్యవధిలో నిల్వ 500 కంటే తగ్గితే ఆ నెలకు వడ్డీ లేదు. వడ్డీ జమ అయ్యేది ఆర్థిక సంవత్సరం చివర. పెద్దవాళ్ళకు ఇదొక పాతకాలపు నిబంధనగా తోచవచ్చు గాని, పిల్లలకు మాత్రం తారీఖుకు విలువ ఉంటుందని చూపించే మంచి పాఠం. మా అమ్మాయికి పాకెట్ మనీ ఒకటో తారీఖున ఇస్తాను. తొమ్మిదో తారీఖులోగా జమ చేస్తే ఆ నెల వడ్డీలో అది లెక్కకు వస్తుందని, పన్నెండున జమ చేస్తే రాదని తెలిసిన నాటి నుంచి, కొంత సొమ్మును మొదటి వారంలోనే పక్కన పెట్టడం మొదలుపెట్టింది. అంతకు ముందు నెలాఖరున మిగిలింది దాచేది, అంటే దాదాపుగా ఏమీ దాచేది కాదు.

ఒక నెల 24న బ్యాడ్మింటన్ రాకెట్ కోసం 900 రూపాయలు తీస్తానంది. ఖాతాలో 2,600 ఉన్నాయి. ఆ రోజే తీస్తే ఆ నెలంతటికీ వడ్డీ 1,700 మీదనే వస్తుంది. 4 శాతం చొప్పున 900 రూపాయలకు ఒక నెల వడ్డీ మూడు రూపాయలు. ఆ మూడు రూపాయల లెక్క తనే కాగితం మీద వేసుకుని, వారం ఆగి, ఒకటో తారీఖు దాటాక తీసి, అదే రాకెట్ కొనుక్కుంది. మూడు రూపాయల కోసం వారం ఆగడమేమిటని మావారు నవ్వారు. నేను మాత్రం చాలా సంతోషించాను, ఎందుకంటే కొనాలా వద్దా అన్న ప్రశ్నకు తోడు, ఎప్పుడు కొనాలి అన్న ప్రశ్న తనంత తానుగా వేసుకోవడం అదే మొదటిసారి.

ఇక రికరింగ్ డిపాజిట్. నెలకు కనీసం 100 రూపాయలతో మొదలుపెట్టవచ్చు, గడువు ఐదేళ్ళు. మేము తెరిచిన నాటికి వడ్డీ ఏటా 6.7 శాతం, మూడు నెలలకోసారి అసలులో కలుస్తుంది. తెరిచిన నాటి రేటే గడువు తీరేవరకు ఉంటుంది. నెలకు 200 చొప్పున కట్టాలని అమ్మాయి నిర్ణయించుకుంది. అరవై వాయిదాల్లో 12,000 కట్టగా, తనకు పద్దెనిమిదేళ్ళు నిండే 2029 జూన్‌కు దాదాపు 14,270 చేతికి వస్తాయి. పదమూడో ఏట తెరిస్తే మేజరయ్యే నాటికి గడువు తీరడం ఈ పథకంలో నాకు నచ్చిన పొందిక.

2024 దసరా సెలవులకు అమ్మమ్మ ఊరు వెళ్ళి, అక్టోబరు వాయిదాను దాని గడువు తేదీ అయిన 15 దాటించింది. గుర్తు చెయ్యగలిగి ఉండీ నేను చెయ్యలేదు. తరువాతి నెలలో రెండు వాయిదాలతో పాటు రెండు రూపాయల జరిమానా కట్టవలసి వచ్చింది, ఎందుకంటే తప్పిన వాయిదాకు ప్రతి వంద రూపాయలకు నెలకు ఒక రూపాయి చొప్పున అపరాధ రుసుము ఉంటుంది. రెండు రూపాయలే కదా అని నేను ఊరుకున్నాను. మా అమ్మ ఊరుకోలేదు. డ్వాక్రా సంఘంలో ఇరవై ఏళ్ళుగా ఉన్న మనిషి కావడంతో ఆమెకు శాతాల కంటే నూటికి ఎన్ని పైసలన్న లెక్కే వెంటనే తడుతుంది. "నూటికి రూపాయి అంటే ఏడాదికి పన్నెండు రూపాయలే అమ్మడూ. నీకిచ్చేది ఆరున్నర, నీ దగ్గర తీసుకునేది పన్నెండు" అని మనవరాలికి విడమరిచి చెప్పింది. పొదుపు ఖాతాలోని 4 శాతం అంటే నెలకు నూటికి 33 పైసలని, తాము సంఘంలో చూసిన పావలా వడ్డీ కంటే అది కాస్త ఎక్కువని కూడా ఆమే లెక్క కట్టింది.

ఆ సాయంత్రం అవ్వా మనవరాలూ కలిసి ఇంట్లో ఉన్న వడ్డీలన్నిటినీ నూటికి ఇన్ని రూపాయలన్న లెక్కలోకి మార్చారు: ఇంటి అప్పు, బంగారం మీద తెచ్చిన అప్పు, ఊళ్ళో చేబదులు తెస్తే పడే రెండు రూపాయల వడ్డీ. బాకీ మిగిల్చిన క్రెడిట్ కార్డు మీద నెలకు నూటికి మూడు రూపాయలకు పైగా పడుతుందని నేను చెప్పినప్పుడు, మా అమ్మాయి నమ్మక స్టేటుమెంటు తెప్పించి మరీ చూసింది. వడ్డీ శాతాలు ఏడాదికి చెప్పడం బ్యాంకుల పద్ధతి, నెలకు నూటికింత అనడం మన ఇళ్ళలో పద్ధతి. ఈ రెండు భాషలూ వచ్చిన పిల్లలు రేపు ఎవరు అప్పిస్తామని వచ్చినా అడగవలసిన ప్రశ్న అడగగలరు. నేను తరగతి గదిలో ఇన్నేళ్ళుగా చెబుతున్నది ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేకపోయాను. ఇప్పుడు మొదటి సంవత్సరం విద్యార్థులకు వడ్డీ పాఠాన్ని నూటికి రూపాయి దగ్గరే మొదలుపెడుతున్నాను.

రికరింగ్ డిపాజిట్ నిబంధనల్లో తల్లిదండ్రులు ముందే తెలుసుకోవలసినవి రెండున్నాయి. వరుసగా నాలుగు వాయిదాలు తప్పితే ఖాతా నిలిచిపోతుంది, దాన్ని రెండు నెలల లోపల మాత్రమే పునరుద్ధరించుకోవచ్చు. మూడేళ్ళు నిండాక ముందుగానే మూసివేసే వీలుంది గాని, అప్పుడు వచ్చేది పొదుపు ఖాతా వడ్డీయే. గడువుకు ఒక్క రోజు ముందు మూసినా ఇదే నిబంధన. ఇది కఠినంగానే ఉంటుంది, అయితే కఠినమని ముందే చెప్పి కూర్చోబెడితే పిల్లలు అర్థం చేసుకుంటారని మా అనుభవం. అందుకే వాయిదా సొమ్మును పిల్ల సునాయాసంగా కట్టగలిగినంతకే పరిమితం చెయ్యడం మంచిది. 500 కడతానని ఉత్సాహపడిన అమ్మాయిని 200 దగ్గర ఆపినందుకు నాకు ఇప్పుడు నిశ్చింతగా ఉంది.

లోపాల విషయానికి వస్తే, పొదుపు ఖాతా వడ్డీ 2011 డిసెంబరు నుంచి 4 శాతంలోనే ఉంది. ధరలు పెరిగే వేగం ముందు అది చిన్నది, ఆ మాట పిల్లలకు దాచకుండా చెప్పాలి. కౌంటరు వేళలు బడి వేళలతో కలిసిపోతాయి కాబట్టి రెండో శనివారాలు, బడికి మాత్రమే సెలవున్న రోజులు చూసుకోవలసి వస్తుంది. జమకు ఎస్‌బీ-103, తీసుకోవడానికి ఎస్‌బీ-7 ఫారాలు నింపి వరుసలో నిలబడడం అలవాటు లేని పిల్లలకు మొదట్లో విసుగే. దుకాణంలో ఫోనుతో చెల్లించే రోజువారీ అనుభవం ఈ పాస్‌బుక్కు ఇవ్వదు, అదీ నేర్పవలసిందే.

ఆ కొరత తీర్చడానికి గత ఏడాది నుంచి యూపీఐ సర్కిల్ కూడా వాడుతున్నాం. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2024లో తెచ్చిన ఈ సదుపాయంలో మన ఖాతా నుంచి చెల్లించే వీలును ఐదుగురి వరకు ఇవ్వవచ్చు. పూర్తి అధికారం ఇస్తే నెలకు 15,000, ఒక్కో చెల్లింపుకు 5,000 రూపాయల పరిమితి ఉంటుంది; పాక్షిక అధికారం ఇస్తే ప్రతి చెల్లింపుకూ మన ఆమోదం కావాలి. మేము రెండోదే ఎంచుకున్నాం. బస్సు చార్జీలకు, మందుల దుకాణానికి ఇది చక్కగా పనికివస్తుంది. అయితే అక్కడ ఖర్చయ్యేది నా డబ్బు. తన ఖాతాలోంచి 50 రూపాయలు తియ్యడానికి ఆలోచించే పిల్ల, ఇక్కడ 150కి ఆమోదం అడగడానికి ఆలోచించదు. కాబట్టి దీన్ని చెల్లింపు నేర్పే సాధనంగానే చూడాలి, పొదుపుకు దీన్ని నమ్ముకోకూడదు.

పోస్టాఫీసు దూరమైన వారు బ్యాంకుల వైపు చూడవచ్చు. పదేళ్ళు నిండిన మైనర్లు తమంతట తామే ఖాతా నడుపుకోవడానికి బ్యాంకులు అనుమతించవచ్చని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. ఎంత సొమ్ము వరకు, ఏటీఎం కార్డు ఇవ్వాలా వద్దా అన్నవి ఆయా బ్యాంకులే నిర్ణయించుకుంటాయి. మైనరు ఖాతాలో నిల్వకు మించి డబ్బు తీసే వీలు మాత్రం ఉండదు. కార్డు ఇచ్చే బ్యాంకైనా సరే, మొదటి ఏడాది కార్డు తీసుకోకుండా పాస్‌బుక్కుతోనే నడపమని నా సలహా.

మీరు తెరిపించేటట్లయితే తారీఖు చూసుకుని వెళ్ళండి. రికరింగ్ డిపాజిట్‌ను నెల 15వ తారీఖులోగా తెరిస్తే తరువాతి వాయిదాలన్నీ 15లోగా కట్టాలి, 15 దాటాక తెరిస్తే నెల ఆఖరి పని రోజు వరకు గడువుంటుంది. పిల్లలకు మీరు డబ్బు ఇచ్చేది నెల మొదట్లో అయితే మొదటిది, పదో తారీఖు తరువాత అయితే రెండోది అనుకూలం. పద్దెనిమిదేళ్ళు నిండగానే కొత్త దరఖాస్తు, గుర్తింపు, చిరునామా చూపే కేవైసీ పత్రాలు ఇచ్చి ఖాతాను మేజరు ఖాతాగా మార్పించుకోవాలి. ఆ తేదీని మా అమ్మాయి పాస్‌బుక్కు లోపలి అట్ట మీద పెన్సిలుతో ఇప్పటికే రాసి పెట్టుకుంది.