పర్లాకిమిడికి తెప్పించుకున్న ప్లాస్టిక్ మెదడు: మూడు స్టార్లు

సైకాలజీ ఆనర్స్ అంటే మనుషుల మనసుల గురించి చదువుతామనుకుని చేరాను, తీరా చూస్తే ఒక పేపరంతా మెదడు, నరాలు, హార్మోన్లే. ప్లస్ టూలో నాది ఆర్ట్స్. బరంపురంలో మా కాలేజీలో చూపించడానికి ఒక చార్టు తప్ప ఏమీ లేదు, అదీ రంగు వెలిసిపోయింది. అందుకే ఆన్‌లైన్‌లో 1,450 రూపాయలు పెట్టి ఎనిమిది ముక్కల ఈ బొమ్మ కొన్నాను.

ముందు బాగున్నది చెప్తాను. ఫ్రాంటల్ (ముందు), పెరైటల్ (పైన), టెంపోరల్ (పక్కన), ఆక్సిపిటల్ (వెనక) భాగాలు నాలుగు రంగుల్లో ఉన్నాయి, చేత్తో విప్పి పెట్టుకుంటే రెండు రోజుల్లో కంఠతా వచ్చేశాయి. మాట పలకడానికి కావాలని బ్రోకా అనే ఫ్రెంచ్ డాక్టరు చెప్పిన చోటు ఎడమ ఫ్రాంటల్ కింది భాగంలో వెనకవైపు ఉంటుంది, దాని మీద అంకె కూడా వేశారు. 1861లో ఆయన చూసిన రోగి ఏం అడిగినా "టాన్" అనే మాట తప్ప అనలేకపోయేవాడట, ఎదుటివాళ్లు చెప్పింది మాత్రం అతనికి అర్థమయ్యేది. అది చదివి పుస్తకం మూసేశాను. మా మామ్మకి పక్షవాతం వచ్చాక కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది, అన్నం కావాలన్నా ఫ్యాన్ వెయ్యమన్నా "అదే, అదే" అంటుంది, మాకు తెలియకపోతే విసుక్కుంటుంది. మతి పోయిందని చుట్టాలు అనేవారు, నేనూ కొన్నాళ్లు అదే అనుకున్నాను. మొన్న బొమ్మ పట్టుకెళ్లి ఎర్రటి ఫ్రాంటల్ ముక్క చూపించి, మామ్మా, నీకు దెబ్బ తగిలింది ఇక్కడేమో అన్నాను. బొమ్మని తిప్పి తిప్పి చూసి "అదే" అంది.

ఇక కోపం. హిప్పోక్యాంపస్ లేదు! హెన్రీ మోలైసన్ అనే రోగికి 1953లో మూర్ఛ తగ్గాలని రెండు వైపులా అది చాలావరకు తీసేస్తే కొత్త జ్ఞాపకాలు నిలవడం ఆగిపోయింది, అయినా అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయడం రోజురోజుకీ మెరుగైంది, గీసినట్టు మాత్రం గుర్తుండేది కాదు. మా సార్ ఒక క్లాసంతా చెప్పింది ఇదే. హిప్పోక్యాంపస్ ఉండాల్సింది టెంపోరల్ ముక్క లోపలివైపు, విప్పితే అక్కడ గట్టి ప్లాస్టిక్ దిమ్మ. భయం లాంటి భావాలకి సంబంధించిన అమిగ్డలా కూడా అంతే. "అన్ని భాగాలూ ఉంటాయి" అని రాశారు కదా అని అడిగితే, విప్పిన సరుకు వాపసు తీసుకోం అన్నారు అమ్మినవాళ్లు.

చిన్న మెదడు పిన్ను వారానికే వదులైంది, ఫెవిక్విక్ పెట్టాను. సైనాప్స్ (నరాల కణాలు కలిసే చోటు), సెరటోనిన్ (మెదడులో ఒక రసాయనం) లాంటివి ఎలాగూ బొమ్మలో కనపడవు, వాటికి నోట్సే దిక్కు. ఆర్ట్స్ నుంచి వచ్చి మొదటిసారి చదివేవాళ్లు సెకండ్ హ్యాండ్‌లో ఆరేడు వందలకి దొరికితే తీసుకోండి. కొత్తది కొనేటట్టయితే టెంపోరల్ ముక్క లోపలి ఫొటో పంపమని ముందే అడగండి.