పర్లాకిమిడిలో అద్దె సైకిలు: మహేంద్రగిరి ఎక్కేవాళ్ళు చదవండి

ఒడిశా గజపతి జిల్లాలోని మహేంద్రగిరి కొండకి సైకిల్ మీద వెళ్దామనుకునేవాళ్ళందరూ ముందు అడిగేది గేర్లెన్ని అని. గేర్ల సంగతి తర్వాత, ముందు బ్రేకులు చూడండి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే దిగి తోసుకుంటూ పోవచ్చు, అడిగేవాడు లేడు. దిగేటప్పుడు బ్రేకు పట్టలేదంటే మాత్రం మలుపులో ఆపడానికి దేవుడు కూడా రాడు. పర్లాకిమిడి బస్టాండుకి కాస్త ఎడంగా, రిపేరు కొట్టుతో కలిపి నడిపే ఈ అద్దె షాపు నాకు నచ్చింది ప్రధానంగా ఆ ఒక్క విషయంలోనే. మిగతావాటిలో లోపాలు చాలానే ఉన్నాయి.

మాది గుణుపురం. ఇంట్లో ఉన్నది గేర్లు లేని నల్ల సైకిలు, బజారుకి బ్రహ్మాండంగా పనికొస్తుంది, ఘాటీకి పనికిరాదు. ఒకవేళ మంచి సైకిలున్నా దాన్ని రైల్లో లగేజీ బుక్ చేసి, ఎక్కించి, దింపుకునే తతంగం నాకు పడదు. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడా నుంచి వేయించిన చిన్న రైలు లైనే పెరిగి మా ఊరిదాకా వచ్చింది, ఇప్పుడది బ్రాడ్‌గేజీ, కాబట్టి ఉత్త చేతులతో రైలెక్కి పర్లాకిమిడిలో దిగి అక్కడే అద్దెకి తీసుకోవడం సుఖం.

రోజుకి 350 రూపాయలు, ఆధార్ జిరాక్సు, 2000 డిపాజిట్. ఇచ్చింది ముందు మూడు, వెనక ఏడు గేర్ల సైకిలు. ముందు చిన్న పళ్ళచక్రానికి 28 పళ్ళు, వెనక పెద్ద పళ్ళచక్రానికి 34. అంటే ఆ గేర్లో పెడల్ పూర్తిగా ఒక చుట్టు తిప్పినా వెనక చక్రం ఒక చుట్టు తిరగదు. నడక వేగమే అనుకోండి, కానీ మోకాళ్ళు బతికిపోతాయి. వెనక పెద్ద పళ్ళచక్రం 28 పళ్ళదే ఉన్న సైకిళ్ళు కూడా వీళ్ళ దగ్గర ఉన్నాయి, రంగు చూసి అవి తీసుకోకండి, వంగి పళ్ళు లెక్కపెట్టండి. ట్యూబులకి మోటారుసైకిల్ వాల్వే వేశారు, ఇది మంచి పని, దారిలో ఏ బండి పంక్చర్ షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు.

ఇక బ్రేకులు. ఓనరు పెద్దాయన. సైకిలు ఇచ్చేముందు ముందు చక్రం పైకెత్తి ఒక్కసారి గట్టిగా తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. సన్నగా స్స్‌మని ఎక్కడో రాసుకుంటోంది. వెంటనే అలెన్ కీతో డిస్క్ బ్రేకు కాలిపర్ (ప్యాడ్లుండే భాగం) బోల్టులు రెండూ కొంచెం వదులు చేసి, లివర్ నొక్కిపట్టి, అలా నొక్కి ఉంచే మళ్ళీ బిగించాడు. తిప్పితే చప్పుడు లేదు. తర్వాత ప్యాడ్లు ఊడదీసి మందం చూపించాడు, వెనకవి అరిగాయని కొత్తవి వేశాడు, డబ్బులు అడగలేదు. "బాబూ, దిగేటప్పుడు పట్టి వదులు, పట్టి వదులు. కిందదాకా నొక్కిపట్టుకుని వచ్చావంటే ప్యాడ్లు వేడెక్కి గాజులా నున్నబడిపోతాయి, ఇక పట్టవు" అన్నాడు. ఇంత శ్రద్ధ నేను వైజాగ్ షోరూముల్లో కూడా చూడలేదు.

ఇంకో సౌకర్యం, సైకిలు పెట్టుకోవడానికి చోటు. కోయిన్‌పూర్ వైపు కొండ కింద ఒక సవర గిరిజన కుటుంబం ఇంటి అరుగు మీద పెట్టేలా ఈయనే ఫోన్లో మాట్లాడి ఏర్పాటు చేస్తాడు. తెలుగు, ఒడియా, సవర మూడూ గడగడా మాట్లాడతాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకున్న ఊరు కదా, అది ఇంకా పూర్తిగా పోలేదన్నమాట. ఆ ఇంటివాళ్ళకి ఎంతో కొంత ఇవ్వండి, వాళ్ళు అడగరు. అన్నట్టు మ్యాపులో రాయగడ అని కనిపిస్తే కంగారుపడకండి, అది గజపతి జిల్లాలోని రాయగడ బ్లాకు, మా జిల్లా రాయగడ కాదు.

కొండ 1501 మీటర్లు. ఓపికుంటే సైకిలు ఇంకా పైదాకా లాక్కెళ్ళొచ్చు, నేను కిందే వదిలేసి నడిచాను. కుంతి గుడి, ధర్మరాజు గుడి దాటి, శిఖరం మీదున్న భీముడి గుడి దగ్గరికి వచ్చేసరికి కొన్నిచోట్ల రాళ్ళ మీద చేతులు ఆనించి ఎక్కాను. కలింగ గంగరాజులు తమ శాసనాల్లో పదేపదే తలుచుకున్న గోకర్ణేశ్వరుడి కొండ ఇది. భీముడి గుడి చాలా చిన్నది, పేర్చిన రాళ్ళు మాత్రం ఒక్కొక్కటీ మంచమంత ఉన్నాయి. పొద్దున్నే మంచుకి రాయి జారుతుంది. అందుకే బూట్ల విషయం చెప్పాలి. ఈ షాపువాళ్ళు వేసిన పెడళ్ళకి మేకుల్లాంటి పిన్నులున్నాయి, బూటు జారదు సరే, తోసుకుంటూ నడిచేటప్పుడు పిక్కకి తగిలితే చర్మం లేచిపోతుంది. మెత్తటి రబ్బరు అడుగున్న కాన్వాస్ బూట్లు, పొడుగు ప్యాంటు వేసుకుంటే రెండు పనులకీ సరిపోతాయి.

లోపాలు చెప్తానన్నాను కదా. షాపు తీసేది ఎనిమిదింటికి, ఎండెక్కాక ఘాటీ ఎక్కడం నరకం. తెల్లారకముందే బయల్దేరాలంటే ముందురోజు సాయంత్రమే తీసుకోవాలి, దానికి ఇంకో సగం రోజు అద్దె వేస్తారు. ఇది అన్యాయం, అడిగితే నవ్వి ఊరుకున్నాడు. హెల్మెట్ పట్టీ క్లిప్పు విరిగింది, తాడు కట్టి ఇచ్చారు, మీ హెల్మెట్ మీరు తెచ్చుకోండి. క్యారియర్ లేదు, నీళ్ళన్నీ వీపు మీదే. ముందు గేరు రెండో దాని నుంచి మూడో దానికి పడేటప్పుడు చైను ఊడింది. రిపేరు సామానంటూ ఇచ్చిన సంచిలో పంపు ఉంది, టైరు ఊడదీసే లివర్లు లేవు, గుర్తుపెట్టుకుని అడిగి తీసుకోండి.

చీకటి పడకముందే రోడ్డెక్కి వెనక్కి వచ్చేయండి. గజపతి జిల్లాలో లఖారి లోయ ఏనుగుల అభయారణ్యం ఉంది, ఏనుగులు హద్దులు చూసుకుని తిరగవు. శివరాత్రి జాతరకి మాత్రం సైకిలు ఆలోచనే వద్దు. మందస, సోంపేట వైపు నుంచి కూడా జనం ఎక్కుతారు, రోడ్డంతా జీపులు, ఆటోలు, పైగా ఆ వారం ఓనరు తానే కొండెక్కుతాడట, షాపుకి తాళం.