‘ప్రాణప్రతిష్ఠ చేసిన’ రుద్రాక్ష మాల ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు హెచ్చరిక

కార్తీకమాసం దగ్గర పడుతోందంటే చాలు, ఫోన్ తెరిస్తే రుద్రాక్ష మాలల ప్రకటనలే. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. "నేపాల్ పంచముఖి, 108 పూసలు, మీ పేరున ప్రాణప్రతిష్ఠ చేసి పంపుతాం, ల్యాబ్ సర్టిఫికెట్ ఉచితం" అన్న ప్రకటన చూసి మా అత్తయ్య కోసం ఒక జపమాల తెప్పించాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఎలా మోసం చేస్తారో తెలిస్తే ఎవరి దగ్గర కొన్నా మీరు గుర్తుపట్టగలరు.

అత్తయ్య రోజూ తెల్లవారుజామున పంచాక్షరి జపం చేస్తారు. తేడా మొదట పట్టుకున్నది ఆవిడే. "ఇదేంటమ్మా, ఏ పూస పట్టుకున్నా ఒకేలా తగులుతోంది" అన్నారు. కూర్చుని లెక్కపెడితే మేరుపూస (జపం లెక్కలోకి రాని, మాల కొసలు కలిసేచోటి పూస) కాకుండా 97 ఉన్నాయి. ఇది చిన్న విషయం కాదు. 108 చేసి నూరుగా లెక్క వేసుకోవడం, మిగతా ఎనిమిదీ పలకడంలో దొర్లే తప్పులకు వదిలేయడం మన పెద్దవాళ్ల అలవాటు. ఈ మాలతో ఆ నూరు కూడా పూర్తికాదు. లక్ష జపం సంకల్పం చెప్పుకున్న మనిషికి ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

రాత్రంతా నీళ్లలో ఉంచితే పొద్దునకి నీళ్లు ఎర్రబడ్డాయి. రంగు దిగినంత మాత్రాన నకిలీ అనలేం, అసలు రుద్రాక్షలకూ రంగు వేసి అమ్ముతారు. కానీ రంగు పోయాక చూస్తే సగానికి పైగా పూసలు ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. గుంటలు, గరుకు, గీతలు అన్నిటికీ ఒకేచోట. చెట్టుకు కాసిన రెండు గింజలు అలా ఉండవు. ఒకటి పగలగొట్టి చూశాం. రుద్రాక్షకు ఎన్ని ముఖాలుంటే (పైనుంచి కిందికి ఉండే గీతలే ముఖాలు, పంచముఖి అంటే అయిదు) లోపల సాధారణంగా అన్ని గదులుంటాయి, వాటిలో విత్తనాలుంటాయి. దీంట్లో గదీ లేదు, విత్తనమూ లేదు, అంతా గట్టి ముద్ద.

ఇంతకన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది వాళ్ల ఫోన్. ఆర్డర్ ఫారంలో గోత్రం, నక్షత్రం అడిగారు, పూజకోసమే అనుకున్నాం. మాల చేరగానే ఒకాయన నేరుగా అత్తయ్యకే ఫోన్ చేశాడు. "అమ్మా, మీ నక్షత్రానికి శని బాగాలేదు, పంచముఖి సరిపోదు, ఏకముఖి వేసుకోకపోతే మీ అబ్బాయికి గండం" అన్నాడు. ధర 11,000 రూపాయలు. ఆవిడ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. దేవుడి మీద నమ్మకంతో మాల కొన్న పెద్దావిడను కొడుకు పేరు చెప్పి భయపెట్టడం వ్యాపారం కాదు, దుర్మార్గం. ఏకముఖి గురించి ఒక్కమాట: గుండ్రటి ఏకముఖి అత్యంత అరుదు. చవకగా దొరికేవాటిలో చాలావరకు చెక్కినవో, గీతలు పూడ్చినవో. జీడిపప్పు ఆకారంలో ఉండే రకాన్నీ ఆ పేరుతోనే అమ్ముతారు. పంచముఖి మాత్రం అన్నిటికన్నా ఎక్కువగా కాసేదే, దానికి వేలకు వేలు పెట్టాల్సిన పని లేదు.

డబ్బు వెనక్కి అడిగితే వచ్చిన జవాబు ఇది: "మీ పేరున సంకల్పం చెప్పిన మాల వెనక్కి పంపితే దోషం మీకే." దీనికి దయచేసి భయపడకండి. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం సరుకు నకిలీదైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోను అనడానికి వీల్లేదు. పూజ చేశాం అన్నంత మాత్రాన ఆ నియమం మారదు. మీ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అలా చేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. మేమూ అదే చేశాం.

కొనేముందు ఇంట్లో చేసే పరీక్షల మీద ఆధారపడకండి. నీళ్లలో మునిగితే అసలు, తేలితే నకిలీ అన్నది నిజం కాదు. బాగా ఎండిన అసలు గింజ తేలుతుంది, బరువు నింపిన నకిలీ మునుగుతుంది. రెండు రాగి నాణేల మధ్య పెడితే తిరుగుతుందన్నదీ అంతే. ఖరీదైన పూస అయితే ఎక్స్-రే తీయించిన రిపోర్టు అడగండి, అందులో లోపలి గదులు కనిపిస్తాయి. మాకు వచ్చిన సర్టిఫికెట్‌లో మాల ఫొటో లేదు, బరువు లేదు, పూసల సంఖ్య కూడా లేదు. అలాంటి కాగితం ఏ మాలకైనా అతికించవచ్చు.

స్ఫటిక మాల కొనేవాళ్లు ఒక్కో పూసను భూతద్దంతో చూడండి. లోపల గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తే అది గాజు. తులసి మాల చేతికి తేలిగ్గా ఉండాలి. గుప్పున సువాసన కొడుతుంటే అత్తరు పూశారేమోనని అనుమానించండి.

వీలైతే చేత్తో పట్టుకుని చూసి కొనండి. ఆన్‌లైన్ తప్పదంటే పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, పూసలు లెక్కపెట్టడం కూడా అందులోనే రావాలి. గోత్రం, నక్షత్రం ఇవ్వకండి, సంకల్పం మీ ఊరి గుళ్లో అయ్యవారి చేత చెప్పించుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల నంబరు బదులు మీ నంబరే రాయండి. ఇప్పటికే అలాంటి ఫోన్ వచ్చి ఉంటే ఆ రికార్డింగ్, వాట్సాప్ మెసేజ్‌లు చెరిపేయకండి, ఫిర్యాదుకు అవే పనికొస్తాయి.