చోటు చాలని కేసు: .458 విన్‌చెస్టర్ మాగ్నమ్ నింపుకునేవారి కోసం

.458 విన్‌చెస్టర్ మాగ్నమ్ అంటే పెద్ద జంతువుల వేటకు చేసిన భారీ రైఫిల్ తూటా. దాన్ని సొంతంగా నింపుకుని వేటాడటం అమెరికాలోనూ ఆఫ్రికాలోనూ సాగే పని. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణ తర్వాత సరదా వేటకు తావులేదు. లైసెన్సు తీసుకుని అమెరికాలో వేటాడుతూ తూటాలు సొంతంగా నింపుకునే తెలుగువారికి ఈ సమీక్ష పనికొస్తుంది.

.458 విన్‌చెస్టర్ మాగ్నమ్ 1956లో వచ్చింది. ఏనుగుకీ కేప్ బఫెలోకీ అప్పటిదాకా వాడుతున్న ఇంగ్లీషు డబుల్ రైఫిల్ (రెండు గొట్టాల తుపాకీ) అందరూ కొనగలిగేది కాదు. అదే దెబ్బను మామూలు పొడవున్న బోల్ట్ రైఫిల్లో ఇవ్వాలన్నది విన్‌చెస్టర్ ఆలోచన. అందుకని అంతకుముందే ఉన్న .375 హెచ్ అండ్ హెచ్ (హాలండ్ అండ్ హాలండ్) తూటా కేసు, అంటే పౌడరు పట్టే ఇత్తడి గొట్టం, వంశాన్నే తీసుకుని పొడవును 2.5 అంగుళాలకు తగ్గించారు. 500 గ్రెయిన్ల (సుమారు 32 గ్రాముల) బుల్లెట్ సెకనుకు 2,130 అడుగులు పోతుందని ప్రకటించారు. కాగితం మీద గొప్పగానే ఉంది. కానీ చిన్న గిన్నెలో పెద్ద వంట. ఆ వేగానికి కావలసినంత పౌడరు ఆ కేసులో సుఖంగా పట్టదు. బుల్లెట్‌తో గట్టిగా అదిమి పట్టించాల్సిందే. కంపెనీ తూటాల్లో అలా అదిమిన బాల్ పౌడరు (గుండ్రటి గింజల రకం) కాలం గడిచేకొద్దీ గడ్డకట్టి సరిగా మండకపోవడం ఆ రోజుల్లో పెద్ద అపకీర్తి తెచ్చింది. వేటగాడి ముందు బఫెలో నిలబడి ఉన్నప్పుడు అలాంటి తూటా చేతికి రావడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పటి పౌడర్లతో పరిస్థితి చాలా మెరుగు. అయినా ఇబ్బంది పూర్తిగా పోలేదు. కారణం బుల్లెట్ పొడవు. మొత్తం రాగి లేదా ఇత్తడితో చేసిన సాలిడ్ బుల్లెట్, సీసం నింపిన అదే బరువు బుల్లెట్ కంటే పొడవుగా ఉంటుంది. తూటా మొత్తం పొడవు 3.340 అంగుళాలు దాటకూడదు కాబట్టి, ఆ అదనపు పొడవంతా కేసు లోపలికే దిగి పౌడరు చోటు తినేస్తుంది. సీసపు బుల్లెట్‌కి రాసిన పౌడరు బరువును సాలిడ్‌కి వాడటం అందుకే పొరపాటు. పౌడర్లు అమ్మే హాడ్జ్‌డన్ కంపెనీ పట్టికల్లో అదిమిన చార్జి (ఒక తూటాకు పోసే పౌడరు) పక్కన సి అనే గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఉంటే అదమడం అక్కడ మామూలే. గుర్తు లేనిచోట అదమాల్సి వస్తే మీ భాగాలు పట్టికతో కలవట్లేదని అర్థం, అక్కడే ఆగాలి. బరువు మాన్యువల్లో ఉన్నదే వాడాలి, కింది అంచె నుంచే మొదలుపెట్టాలి.

పని విషయానికొస్తే, పొడవాటి డ్రాప్ ట్యూబ్ ఈ కేసుకు తప్పనిసరి సామాను. 24 అంగుళాల ట్యూబ్‌లో పది సెకన్లపాటు నెమ్మదిగా పోస్తే గింజలు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి. అదే చార్జి గరాటులో గబుక్కున పోసిన దానికంటే కిందకు దిగి కూర్చుంటుంది. అప్పుడు అదమాల్సింది తక్కువ. మిగిలినదాన్ని బుల్లెట్‌తో కాక కంప్రెషన్ డై (పౌడరు అదిమే అచ్చు) లోని ప్లగ్‌తో అదిమి, కొన్ని సెకన్లు పట్టి ఉంచడం మేలు. బుల్లెట్‌తోనే తోస్తే సీటింగ్ డై (బుల్లెట్‌ను కేసులో కూర్చోబెట్టే అచ్చు) కాండం మెత్తని ముక్కుకు ఉంగరంలా గీత పెడుతుంది, పొడవు కూడా ఒక్కో తూటాకు ఒక్కోలా వస్తుంది.

పుల్లల పౌడరు కొద్దిగా కరకరలాడితే భయపడక్కర్లేదు. బాగా నలిగిన చప్పుడు వస్తే మాత్రం గింజలు విరుగుతున్నాయి. విరిగిన గింజ తొందరగా మండి పీడనం పెంచుతుంది. బాల్ పౌడరు చప్పుడు చెయ్యదు, సాంద్రత ఎక్కువ కాబట్టి ఈ చిన్న కేసుకు దాని సౌకర్యం వేరు. గడ్డకట్టే పేరు కూడా దానిదే. పట్టికలోని పై అంచె కంటే కాస్త తక్కువ బరువుతో నింపి అదమకుండా వాడేవారిదే తెలివైన దారి.

క్రింప్‌ను (కేసు నోటి అంచును బుల్లెట్ మీదికి నొక్కడాన్ని) సీటింగ్‌తో కలిపి ఒకే తోపులో చేస్తే ఈ భుజంలేని కేసు ఉబ్బి ఛాంబరులో ఇరుక్కుంటుంది. ముందు సీటింగ్, తర్వాత విడిగా క్రింప్, అదీ బుల్లెట్ గాడిలోనే. ఆ క్రింప్ రెండు వైపులా పనిచేస్తుంది: అదిమిన పౌడరు బుల్లెట్‌ను బయటికి నెట్టకుండా, మ్యాగజైన్‌లోని తూటా రీకాయిల్‌కు లోపలికి దిగకుండా. నింపిన మర్నాడు, మళ్లీ వారానికి కాలిపర్‌తో పొడవు కొలవండి. పెరిగితే అదుము ఎక్కువైనట్టే. ఒక లాభం కూడా ఉంది: కేసు అంచుదాకా నిండేది కాబట్టి పొరపాటున రెండుసార్లు పోస్తే పొర్లి బయటపడుతుంది, ఆ ప్రమాదం ఇక్కడ ఉండదు.

450 గ్రెయిన్ల బుల్లెట్‌కి దిగితే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. ఎలుగుకూ ఎల్క్‌కూ అంతకంటే కావాలనడం అత్యాశ. ఏనుగుకు 500 గ్రెయిన్లే కావాలనుకుంటే .458 లాట్ చూడండి. కేసు 2.8 అంగుళాలు, అంటే 0.3 అంగుళాల అదనపు గది. పౌడరు హాయిగా పడుతుంది, వేగం 2,300 అడుగులకు చేరుతుంది. రైఫిల్ యాక్షన్ (తూటాను ఎక్కించి తీసే యంత్రభాగం) పొడవుండాలి, తన్నుడు కూడా అదే లెక్కలో. లాట్ రైఫిల్లో విన్‌చెస్టర్ తూటా వేసి కాల్చుకోవచ్చు, విన్‌చెస్టర్ ఛాంబరులో లాట్ తూటా మాత్రం పట్టదు.