గాంధీ రోడ్డులో రాత్రి పదికి వేడి దోశ దొరికే బండి

బండికి పేరూ బోర్డూ లేవు. తిరుపతిలో నాలుగుకాళ్ల మండపం దాటి గాంధీ రోడ్డులో కొంచెం ముందుకొస్తే ఒక నగల షాపు, దాని పక్కన చిన్న సందు. నగల షాపు షట్టరు దించాక, రాత్రి తొమ్మిదిన్నరకు, ఆ సందు మొదట్లో అక్క బండి పెడుతుంది. పదకొండు దాకా ఉంటుంది. ఒక్కోరోజు పదింపావుకే సర్దేయాల్సి వస్తుంది, ఆ సంగతి తర్వాత చెప్తాను.

దొరికేవి మూడే. ఇడ్లీ, పొంగలి, కారందోశ. నాలుగిడ్లీ 30 రూపాయలు, కారందోశ 40. ఇడ్లీ గుడ్డ మీద వేసింది, మెత్తగా ఉంటుంది. పొంగలిలో మిరియాలు పంటికి తగులుతాయి. కొబ్బరి చట్నీ నీళ్లగా ఉంటుంది, దానికోసం ఎవరూ వెళ్లనక్కర్లేదు. వెళ్లాల్సింది ఊరిబిండి కోసం. వేయించిన శెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ ఇంట్లో రోట్లో నూరి తెస్తుంది. మిక్సీ పట్టదు కాబట్టి శెనక్కాయ పలుకు నాలుక మీద తెలుస్తుంది. దోశకైతే ముందు సగం కోసిన ఎర్రగడ్డను నూనెలో ముంచి పెనమంతా రుద్దుతుంది. పిండి పోసి తిప్పి, తడి ఆరీ ఆరకముందే ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లుతుంది. తొందరపెడితే వినదు. అంచు ఎర్రబడి పెనాన్ని వదిలేదాకా అట్లకాడ ముట్టుకోదు. ఇంత ఓపికగా దోశ కాల్చేవాళ్లను నేను ఏసీ హోటళ్లలో కూడా చూడలేదు.

ప్లేటు మీద అరిటాకు ముక్క వేసి పెడుతుంది. తాగడానికి క్యాను నీళ్లు. చెయ్యి కడుక్కునే చోట మాత్రం బురద, చీర కుచ్చెళ్లు జాగ్రత్త.

నేను కర్నాల వీధిలో మేడ మీద బ్లౌజులు కుడతాను. పెళ్లిళ్ల సీజన్లో మిషన్ మీద నుంచి లేచేసరికి తొమ్మిదిన్నర దాటిపోతుంది. అక్కడ నుంచి కొర్లగుంట దాకా నడిచి పోవాలి. అందుకే ఈ బండి నాకు తిండి ఒక్కటే కాదు. గొడుగు కమ్మీకి కట్టిన బ్యాటరీ బల్బు వెలుగు రోడ్డు అవతలి దాకా పడుతుంది. నలుగురు నిలబడి తింటూ ఉంటారు. ఎవరు వస్తున్నారు, ఎవరు పోతున్నారు అని ఒకరైనా తలెత్తి చూస్తారు. బండి ఉన్న రోజు ఒకలా నడుస్తాను, లేని రోజు ఇంకోలా నడుస్తాను. ఆడవాళ్లకు ఈ తేడా చెప్పనక్కర్లేదు.

పగటి గాంధీ రోడ్డు చూసినవాళ్లకు రాత్రి రోడ్డు సంగతి చెబితే నమ్మరు. పగలు పట్టుచీరల కవర్లతో పెళ్లివాళ్లు, గుండుకు గంధం పూసుకున్న యాత్రికులు, చిన్నబజారు వైపు ఇత్తడి సామాన్ల బేరాలు, కాలు పెట్టే సందుండదు. రాత్రి పదికి అదే రోడ్డులో రెండు వైపులా షట్టర్లు, వాటి ముందు కుర్చీల్లో వాచ్‌మన్లు.

ఆన్‌లైన్ షాపింగ్ వచ్చి రాత్రి సందడిని పాడుచేసిందని మా షాపుల వాళ్లంటారు. నేను ఒప్పుకోను. అదే నిజమైతే పగలు కూడా ఖాళీగా ఉండాలి కదా. నా లెక్కలో మొదటి దోషం బాడుగది. ఈ రోడ్డు బాడుగ మోయగలిగేది నగలు, పట్టుబట్టలే. టీ అంగడి, సోడా బంకు, పూలకొట్టు, సైకిల్ రిపేరు, రాత్రి పదకొండు దాకా లైటు వేసుకుని కూర్చునేవన్నీ ఇలాంటివే. అవి ఒక్కొక్కటే ఖాళీ చేసి వెళ్లాయి. వాటి చోట వచ్చినవి తొమ్మిదికి లెక్క చూసుకుని తాళం వేసేవి. పైన మేడల్లో కాపురాలుండేవి, ఇప్పుడు ఎక్కువ స్టాకు గదులే. కాపురమున్న మేడలో ఎవరో ఒకరు బట్టలు తీయడానికో, పిల్లాణ్ణి పిలవడానికో కిటికీలోంచి కిందికి చూస్తారు. అట్టపెట్టెలు చూడవు.

ఊరికి యాత్రికులు తగ్గారా అంటే అదీ లేదు. వాళ్ల దారి మారింది. 300 రూపాయల దర్శనం టికెట్టు మూడు నెలల ముందే ఆన్‌లైన్లో తీసుకుని, టైము చేతిలో పెట్టుకుని వస్తున్నారు. రేణిగుంటలో దిగితే టాక్సీ నేరుగా అలిపిరికి పోతుంది. 2023 సెప్టెంబరులో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ పూర్తిగా తెరిచాక కింద ఊరును తాకకుండానే బండ్లు కపిలతీర్థం వైపు దిగుతున్నాయి. ట్రాఫిక్‌కు అది చాలా మంచి పని, కాదనను. కానీ కొండకు పోయే ముందు ఒక రాత్రి సత్రంలో పడుకుని, గోవిందరాజస్వామి గుడి చుట్టూ తిరిగి, ఏదో ఒకటి కొనుక్కుని తినే జనం ఆ వంతెన కింద నుంచి పోయేవాళ్లే. కొత్త షోరూములు తిరుమల బైపాస్, ఎయిర్ బైపాస్ రోడ్ల వైపు వెళ్లాయి, కారు పెట్టుకునే చోటు అక్కడుంది మరి.

సినిమా ఇంకొకటి. మా ఊళ్లో లీలామహల్ సర్కిల్, వీవీ మహల్ రోడ్డు అని కూడళ్లకూ రోడ్లకూ టాకీసుల పేర్లే పెట్టుకున్నాం. సెకండ్ షో వదిలితే అర్ధరాత్రి ఒంటిగంటకు కూడా టిఫిన్ బండ్ల దగ్గర జనం ఉండేవాళ్లు, ఇప్పుడు లేరు.

అక్కను అడిగితే ఇంత చెప్పదు. "కొనేవాళ్లు ఉండారు పాపా, నిలబడేవాళ్లే లేరు" అంటుంది. ఎప్పుడూ వచ్చేవాళ్లలో ఇప్పుడు మిగిలింది బట్టల షాపుల సేల్స్‌మెన్లు, వాచ్‌మన్లు, రాత్రి రైలుకు పోయే ఒకరిద్దరు, నాలాంటి కుట్టుపని వాళ్లు.

ఈ రోడ్డుకు రాత్రి పనికిరాదని ఎవరైనా అంటే వైశాఖంలో గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాలప్పుడు వచ్చి చూడండి. సాయంత్రం వాహనం మాడవీధుల్లో తిరిగాక జనం ఇళ్లకు పోరు. బొరుగుల బండ్లు, బెలూన్లు, గాజులు, పసిపిల్లల్ని భుజాన వేసుకున్న తండ్రులు. గంగమ్మ జాతర వారమూ అంతే, వేషాలు వేసుకున్న మగవాళ్లూ పిల్లలూ వీధులన్నీ నింపుతారు. అవే షట్టర్లు, అవే వీధులు. నిలబడడానికి పని ఉంటే జనం నిలబడతారు.

మిగతా రోజుల్లో ఏం చేయాలో ఇండోర్ వాళ్లు చూపించారు. అక్కడ సరాఫా బజారు కూడా నగల వీధే. రాత్రి నగల షాపులు మూశాక వాటి ముందే తిండి అంగళ్లు వెలుస్తాయి, అర్ధరాత్రి దాటేదాకా నడుస్తాయి. అహమ్మదాబాద్ మానెక్ చౌక్‌లో పగలు బంగారం బేరాలు, రాత్రి తిండి. షట్టరు ముందు జనం ఉంటే షాపుకే కాపలా. మా సందు పక్క నగల షాపు వాచ్‌మన్ అన్నకు ఇది బాగా తెలుసు. బండి రాగానే కుర్చీ పక్కకు జరిపి చోటిచ్చేది ఆయనే, మొదటి ప్లేటూ ఆయనదే.

ఇప్పుడు పదింపావు సంగతి. కొన్ని రాత్రులు "తీయండి, తీయండి" అంటూ బండ్లు లేపేవాళ్లు వస్తారు. చీటీ లేదు, నోటీసు లేదు. పెనం మీద దోశ ఉన్నా ఆగరు. వేడి పెనాన్ని గోనెసంచితో పట్టుకుని బండి సందులోకి తోస్తుంది అక్క, ప్లేటు చేతిలో ఉన్నవాళ్లం వెనకాలే నడుస్తాం. ఒకసారి ఊరిబిండి గిన్నె ఒలికిపోయింది. ఆ రాత్రి ఆమె ముఖం చూడలేకపోయాను.

వీధి వ్యాపారుల కోసం 2014లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. సర్వే చేసి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా బండ్లను లేపకూడదని అందులో ఉంది. లేపాల్సి వస్తే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఎక్కడ, ఏ వేళల్లో అమ్ముకోవాలో చూసే పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. అక్కకు ఈ మాట చెబితే, "నన్నెవురు పిలిచినారు?" అంది. పిలవాలి. ఈ రోడ్డు రాత్రి గురించి ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. షట్టర్లు దించాక గాంధీ రోడ్డులో ఒక వరుస గీసి, పన్నెండు దాకా బండ్లకు అనుమతిచ్చి, రెండు కుళాయిలు, చెత్తకు రెండు డబ్బాలు పెడితే చాలు. అందరూ నిలబడి తినే చోట నాలుగు సిమెంటు బెంచీలుంటే ముసలివాళ్లు కూడా వస్తారు.

రుచికి ఐదుకు ఐదు ఇస్తాను. శుభ్రానికి మూడున్నర, ఆ బురద వల్లే. ఫోన్‌పే ఉంది కానీ చిల్లర తీసుకుపోతే అక్కకు సంతోషం. బైకు సందులో పెట్టకండి, బండి తోసుకోవడానికి దారి కావాలి. గురువారం ఉండదు. పదిలోపు వెళ్తే ఊరిబిండి దొరుకుతుంది, ఆ తర్వాత నీళ్ల చట్నీయే.