ఏపీఏనా, వాంకూవరా? రిఫరెన్సుల గోల

అనంతపురంలో వేరుశనగ మీద పేపర్లు రాసేటోళ్లకి కొదవ లేదు, నేనూ అందులో ఒకణ్ని, పేపర్ రాయడం కన్నా రిఫరెన్సులు సర్దడమే శానా కష్టమైంది. రిఫరెన్సులు రాసే పద్ధతుల్లో ఏపీఏ ఒకటి, వాంకూవర్ ఇంకోటి. ఏపీఏలో బ్రాకెట్లో రాసినాయన ఇంటిపేరు, సంవత్సరం వేస్తాం, వాంకూవర్లో వచ్చిన వరసలో 1, 2, 3 అంతే. నంబర్లే సులువనుకుని చేత్తో టైప్ చేసినా, పేపర్ చూసే రివ్యూయర్ మధ్యలో ఇంకో రిఫరెన్సు పెట్టమన్నాడు, 7 కాస్తా 8 అయింది, అట్లా 41 దాకా దిద్దుకుంటా కూచుంటే తెల్లారిపాయ. ఏపీఏలో ఆ బాధ లేదు, చివరుండే రిఫరెన్సుల లిస్టులో అక్షరాల వరసలో దూరిస్తే చాలు.

కానీ మన పేర్లతో ఏపీఏ ఆడుకుంటది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం కదా, రిఫరెన్సులు సర్దే సాఫ్ట్‌వేర్ ఏమో చివరున్న రెడ్డినో నాయుడునో ఇంటిపేరనుకుంటది, ఇద్దరు ముగ్గురు రెడ్లు తగిలితే పేపర్ లోపల ఇనీషియల్స్ కూడా తగిలించాల. ఇంకోటి, ఏపీఏ 7వ ఎడిషన్ లిస్టులో 20 మంది దాకా అందరి పేర్లూ రాయమంటది, వాంకూవర్లో మామూలుగా 6 మంది తర్వాత ఎట్ ఆల్ (ఇంకా ఇతరులు) అని వేస్తే చాలు.

మెడికల్ జర్నల్స్ ఎక్కువగా వాంకూవరే అడుగుతాయి, అక్కడ మన ఇష్టం చెల్లదు. నన్నడిగితే ఏపీఏనే, అదీ జొటెరో అనే రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్లో. ఫ్రీనే, స్టైల్ ఒక్క క్లిక్కుతో మారుతుంది, పేర్లు మాత్రం ఒక్కొక్కటీ మనమే చూసుకోవాల.