షెడ్డులో పెట్టిన కారు 1,143 కిలోమీటర్లు తిరిగింది

సీట్లో కూర్చోగానే తెలిసిపోయింది. క్లచ్ మీదికి నా కాలు అందలేదు. నేను ఐదడుగుల మనిషిని, డ్రైవర్ సీటు ముందుకు లాక్కుంటేగానీ నడపలేను. పోయినేడు అమెరికా నుంచి తిరిగొచ్చి, రేణిగుంట రోడ్డు వైపు ఒక షెడ్డులో నాలుగు నెలలు వదిలిపెట్టిన మా స్విఫ్ట్ తలుపు తీసి కూర్చుంటే, సీటు చివరిదాకా వెనక్కి జరిపి ఉంది. అద్దం ఎవరి ఎత్తుకో తిప్పి ఉంది. వెళ్లే ముందు మీటరు రీడింగ్ డైరీలో రాసుకున్నాను, 48,216. ఇప్పుడు చూస్తే 49,359.

వెనక సీటు కింద చెయ్యి పెడితే తిరుమల లడ్డూ కవరు ఒకటి, చిన్నపిల్లల చెప్పు ఒకటి దొరికాయి. ఎర్ర చెప్పు, ఎడమకాలిది. మా ఇంట్లో ఆ వయసు పిల్లలెవరూ లేరు.

షెడ్డాయనకు మేము కట్టింది నెలకు 2,500 చొప్పున 10,000, దాని మీద "వారానికోసారి స్టార్ట్ చేస్తాం మేడం" అన్నందుకు మరో 1,200. మొత్తం 11,200, అంతా అడ్వాన్సు. తాళం నా చేతులతో నేనే ఇచ్చాను. అడిగితే, "బండి కూర్చోబెడితే పాడవుతుంది కదా మేడం, అందుకని అప్పుడప్పుడు తిప్పాం" అన్నాడు. ఫాస్టాగ్ ఖాతా తెరిచి చూపించాను. వడమాలపేట టోల్‌గేటు ఆరుసార్లు దాటింది, అంటే మద్రాసుకు మూడు రానుపోనులు. మిగతావి ఊళ్లో తిప్పినవి. నా ఖాతాలోంచి పోయిన టోలు 810 రూపాయలు. మా బండిని యాత్రికులకు బాడుగకు తిప్పాడని ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

నాకు వొళ్లు మండింది డబ్బు గురించి మాత్రమే కాదు. సొంత బండి ఇన్సూరెన్సు బాడుగకు తిప్పితే పనిచెయ్యదు. దారిలో ఏదన్నా జరిగుంటే క్లెయిమూ రాదు, కేసు మాత్రం ఆర్సీలో పేరున్న మా ఆయన మెడకు చుట్టుకునేది. స్టేషనుకు పోదాం పదండి అన్నాను. పద్దెనిమిది గంటల విమానం దిగి, నిద్ర లేక, బీపీ మాత్ర కూడా వేసుకోని మనిషి ఆయన. "ఇంక చాల్లే, ఇంటికి పోదాం" అని రోడ్డు మీదే మెట్టు చూసుకుని కూర్చుండిపోయారు. షెడ్డాయన 3,000 వెనక్కిచ్చాడు. తీసుకుని వచ్చేశాను. ఆ రోజు స్టేషనుకు పోకపోవడం తప్పేనని ఇప్పటికీ అనుకుంటాను.

మొన్న సెప్టెంబరులో మళ్లీ అమ్మాయి దగ్గరికి నాలుగు నెలల ప్రయాణం కుదిరింది. టికెట్లు, వీసా, పచ్చళ్ల ప్యాకింగ్ అన్నీ సాఫీగా అయిపోయాయి. టెన్షన్ అంతా కారు గురించే. అపార్ట్‌మెంటు సెల్లారులో వదలొచ్చు కదా అని మా ఆయన. 2021 నవంబరు వానలప్పుడు తిరుపతిలో వీధులే ఏరులయ్యాయి, మా సెల్లారులో బైకులు హ్యాండిల్ దాకా మునిగాయి. మేము పోయేదే ఆ వానల నెలలకు. వీధిలో వేపచెట్టు కింద పెడితే ఆకులు, జిగురు, కాకిరెట్టలతో పెయింటు పోతుంది. ఎయిర్‌పోర్టు పార్కింగ్ రోజు లెక్కన కట్టాలి, వారం రోజుల ప్రయాణానికి సరేగానీ నాలుగు నెలలకు అర్థం లేని ఖర్చు.

చివరికి దామలచెరువు దగ్గర మా తమ్ముడి తోట గుర్తొచ్చింది. తోతాపురి కాయలు గ్రేడింగ్ చేసుకునే రేకుల షెడ్డు ఉంది వాళ్లకు. మే నుంచి జులై దాకా అందులో కాలు పెట్టే చోటుండదు. సీజను అయిపోయాక క్రేట్లు ఒక పక్కన పేర్చేసి ఖాళీ. సిమెంటు నేల, మూడు పక్కల గోడ, చుట్టూ మిట్ట నేల కాబట్టి నీళ్లు నిలవవు. ఫోను చేస్తే, "ఇంత దానికి అడగాల్నా అక్కా, తెచ్చి పెట్టు" అన్నాడు. పోయినేడే అడగకుండా బయటివాడికి డబ్బు కట్టినందుకు అలిగాడని మా మరదలు తర్వాత చెప్పింది.

చోటు దొరికిందని బండి తీసుకెళ్లి నిలబెట్టేస్తే చాలదు. తోటలో ఎలుకలుంటాయి, ఉడతలుంటాయి. ఈ సారి ఒక రోజంతా దానికే పెట్టాను.

ముందు తిరుచానూరు రోడ్డులో మాకు తెలిసిన మెకానిక్ దగ్గర ఇంజినాయిలు, ఫిల్టరు మార్పించాను, 2,850. ఇంకా రెండు వేల కిలోమీటర్లు నడవొచ్చు కదా మేడం అన్నాడతను, నిజాయితీపరుడు. కానీ వాడిన ఆయిల్లో తేమ, ఆమ్లం చేరి ఉంటాయి. అది నెలల తరబడి ఇంజిన్లో నిలవుండటం మంచిది కాదు. పక్కనే వాటర్ వాష్ 500. కడిగించాక నేరుగా కవరు కప్పకూడదు. బ్రేకుల్లో నీళ్లు ఆరిపోయేలా కొంత దూరం నడపాలి. చంద్రగిరి, పాకాల మీదుగా తోటకు పోయే దారి నాకు ఆ పనికొచ్చింది.

పెట్రోలు ట్యాంకు నిండా కొట్టించాను, 22 లీటర్లకు 2,430. మా ఆయనకు ఇది అస్సలు నచ్చలేదు. "వాడని బండికి రెండున్నర వేల పెట్రోలా?" అని పాకాల దాకా అదే మాట. ట్యాంకులో ఖాళీ ఎక్కువుంటే లోపల గాలిలో తేమ చెమ్మగా పడుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాలు ఉంటోంది, అది నీటిని పీల్చుకునే రకం. నీళ్లు ఎక్కువైతే ఇథనాలుతో కలిసి అడుక్కి దిగిపోతాయి, బండి స్టార్టు కాక చస్తాం. అదే బంకులో టైర్లకు మామూలుగా పెట్టే 32కు బదులు 38 గాలి పెట్టించాను. కదలకుండా ఒకే చోట బరువు మోస్తే టైరు అడుగు చదునైపోతుంది. తిరిగొచ్చాక మళ్లీ తగ్గించుకోవాలి, మరిచిపోవద్దు.

షెడ్డులో బండి పెట్టాక హ్యాండ్‌బ్రేకు వెయ్యలేదు. వానాకాలం నాలుగు నెలలు బిగించి ఉంచితే వెనక బ్రేకు షూలు డ్రమ్ముకు అతుక్కుపోతాయి. ఫస్టు గేరులో పెట్టి, చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టాం. సైలెన్సరు గొట్టానికి, ఇంజినుకు గాలి పోయే నోటికి సన్న ఇనుప జాలీ ముక్కలు కట్టాను, 180. కనపడేలా ఎర్ర గుడ్డపీలిక ఒకటి స్టీరింగుకు ముడేశాను, తిరిగొచ్చాక జాలీ తియ్యకుండా స్టార్టు చెయ్యకుండా ఉండటానికి. బానెట్ కింద నాఫ్తలిన్ ఉండలు మూటలు కట్టి పెట్టాను, 90. లోపల బిస్కెట్ ముక్క కూడా లేకుండా దులిపి, రెండు గిన్నెల్లో వంటసోడా పోసి పెట్టాను, 60. అది ముక్కిన వాసన పట్టనివ్వదు.

చివర్లో బ్యాటరీ. అద్దాలు ఎత్తి, డిక్కీ మూసి, ముందు అన్నీ సరిచూసుకోవాలి. నెగటివ్ తీగ ఊడదీశాక సెంట్రల్ లాకు పనిచెయ్యదు, తాళంచెవితోనే వెయ్యాలి. పది నంబరు స్పానరు చాలు. తీగ కొసకు గుడ్డ చుట్టి పక్కకు వంచి పెట్టాను. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమ్మ పట్టి పెయింటు ఉబ్బుతుంది, అందుకని గాలి ఆడే గుడ్డ కవరు, 1,650. పెట్రోలు కాకుండా మొత్తం 5,330 అయింది.

ఇన్సూరెన్సు నవంబరులో తీరుతుంది, వెళ్లేముందే కట్టేశాను. గడువు దాటి 90 రోజులు పోతే ఇన్నేళ్లు కూడబెట్టిన నో క్లెయిమ్ బోనస్ పోతుంది. కదలని బండికి ఎందుకని మానెయ్యకండి, షెడ్డు మీద చెట్టు పడినా అదే దిక్కు.

మా తమ్ముడితో ఒక్క దగ్గర మాట పట్టింపు వచ్చింది. "నేను పదిరోజులకోసారి స్టార్టు చేసి ఐదు నిమిషాలు పెడతాలే" అన్నాడు. వద్దన్నాను. ఐదు నిమిషాలు నిలబెట్టి తిప్పితే ఇంజిను సరిగ్గా వేడెక్కదు, సైలెన్సర్లో నీళ్లు చేరతాయి, స్టార్టుకు ఖర్చయిన కరెంటు బ్యాటరీకి తిరిగి రాదు. తిప్పితే అరగంట రోడ్డు మీద తిప్పాలి, లేదంటే ముట్టుకోకూడదు. తాళం నాతోనే తీసుకుపోతానని కూడా చెప్పాను. వాడి మొహం చిన్నబోయింది. "నన్ను కూడా ఆ షెడ్డోడి లెక్కన చూస్తివా అక్కా" అన్నాడు. లేదురా, బ్యాటరీ తీగ తీసేశాక తాళం ఎవరి దగ్గరున్నా ఒకటే అన్నాను. నా మాటకు వాడు కళ్లు ఎత్తలేదు. అప్పుడు మా మరదలు అన్నానికి రమ్మని పిలిచింది.

రాగిసంగటి, నాటుకోడి పులుసు, పక్కన ఊరుబిండి. వేరుశనగలు రోట్లో బరకగా నూరి, ఎండుమిరపకాయ కారం పైకి తేలేలా చేస్తుంది ఆ పిల్ల. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి మా తమ్ముడే నా పళ్లెంలో నెయ్యి పోశాడు. అప్పటికి గానీ నాకు ముద్ద గొంతు దిగలేదు.

తోట నుంచి మద్రాసు ఎయిర్‌పోర్టుకు టాక్సీ 4,200. నాలుగు నెలలు మనవడితో గడిచిపోయాయి.

జనవరిలో దిగి నేరుగా తోటకే వెళ్లాం. కవరు మీద రెండు వేళ్ల మందాన దుమ్ము, ఒక మూల పక్షి గూడు మొదలుపెట్టి వదిలేసింది. బానెట్ ఎత్తి టార్చి వేసి తీగలన్నీ చూశాను, ఎక్కడా పంటి గాటు లేదు. గాలి వచ్చే నోటి దగ్గర జాలీ మీద మాత్రం రెండు వెంట్రుకలు, కొరికిన గీతలు ఉన్నాయి. జాలీ లేకుంటే ఎలుకో ఉడతో లోపలికి దూరేదే. జాలీలు విప్పి, బ్యాటరీ తీగ బిగించి, మీటరు పెట్టి చూస్తే 12.4 వోల్టులు. రెండో తిప్పుకు స్టార్టయింది. మొదట కదిపినప్పుడు బ్రేకులు కీచుమన్నాయి, తోట గేటు దాటేసరికి ఆగిపోయాయి.

మా తమ్ముడు పైసా ముట్టలేదు. కాపలా తాతకు 2,000 ఇచ్చాను, అది వద్దనకుండా ఊరుకున్నాడు. నాలుగు నెలలు రోజూ రాత్రి కారు చుట్టూ టార్చి వేసి చూసి పడుకునేవాడట ఆ తాత. ఎవరూ చెప్పకుండానే.

పాకాల దాటాక మా ఆయన నా బ్యాగులోంచి డైరీ తీశారు. 53,870 అని నేను రాసుకున్న పేజీ తెరిచి, కళ్లద్దాలు పెట్టుకుని, మీటరు వైపు వంగి చూశారు. "53,889. పందొమ్మిది. తోట నుంచి వచ్చిందే," అన్నారు. డైరీ మూసి ఒళ్లో పెట్టుకుని, తిరుపతి వచ్చేదాకా నిద్రపోయారు.